తాలుకాయకు పియానో పరీక్ష

ఆ రోజుల్లో నేను దేన్నీ నమ్మేదాన్ని కాదు. ఆ రోజులంటే మరీ పాతవేం కావు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఫోన్లలో వాట్సాప్ గ్రూపులున్నాయి, ఆ గ్రూపుల్లో తెల్లారేసరికి గులాబీలతో శుభోదయాలున్నాయి. నమ్మకం మాత్రం మా ఇంట్లో అంతకు చాలా ముందే నిండుకుంది. నా చిన్నప్పుడు ఒక ఏడాది మా నాన్న నకిలీ మిరప విత్తనాలు వేశాడు. తెలిసి కాదు లెండి. మొక్కలు నా భుజాల దాకా పెరిగాయి, పచ్చగా నవనవలాడాయి, చూసినవాళ్ళంతా దిష్టి తీయించమన్నారు, కాయ మాత్రం కాయలేదు. అప్పటినుంచి మా అమ్మ కందిపప్పు ప్యాకెట్టు కూడా కొట్టువాడి ఎదురుగానే విప్పించి, నాలుగు బద్దలు కొరికి చూశాక గానీ సంచిలో వేసుకునేది కాదు. అటువంటి ఇంట్లో పెరిగిన పిల్ల పియానో టీచరైతే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఎవరైనా నన్ను పొగిడితే, వీళ్ళకి నాతో ఏం పనిబడిందా అని ఆలోచించేదాన్ని.

గుంటూరులో ఇంజనీరింగు చదువుతూ, చదువుకంటే శ్రద్ధగా ఒక ముసలి మాస్టారి దగ్గర పియానో నేర్చుకున్నాను. డిగ్రీ చేతికొచ్చాక సత్తెనపల్లిలో పురుగుమందుల కొట్టు పైన మేడగది అద్దెకు తీసుకుని, ఒక డిజిటల్ పియానో కొని క్లాసు పెట్టాను. ('ఉద్యోగం రాలేదామ్మా?' అని ఊళ్ళో ప్రతి ఒక్కరూ జాలిగా అడిగారు.) కిటికీ తెరిస్తే కింది కొట్టులోంచి మందు వాసన, మూస్తే ఉక్క. అయినా పిల్లలు వచ్చారు. వాళ్ళలో బుజ్జి అనే ఎనిమిదో తరగతి పిల్ల ఉండేది. మిగతావాళ్ళు మీటలు నొక్కేవాళ్ళు, బుజ్జి వాయించేది. తేడా నాకు తెలుస్తుంది, బుజ్జికి తెలుస్తుంది. బుజ్జి నాన్నకి మాత్రం తెలియదని నా గట్టి అభిప్రాయం.

ఆయన గుంటూరు యార్డులో మిర్చి కమీషన్ వ్యాపారి. అందరూ శాంపిల్ బాబాయి అంటారు. బస్తా పైనున్న కాయలు చూసి ఏనాడూ ధర కట్టలేదట. కుట్టు కోయించి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, నడిమధ్య నుంచి పిడికెడు తీసి, ఒక కాయ విరిచి, వాసన చూసి, అప్పుడు మాట్లాడతాడు. ఇంట్లోనూ అంతే. బుట్టలో వంకాయలు అడుగునుంచి తీస్తాడు. పెళ్ళి భోజనంలో లడ్డూ విరిచి చూసుకుంటాడు. అటువంటి మనిషి ఒకరోజు మేడెక్కి వచ్చి, "ఇదిగో అమ్మాయ్, వచ్చే ఏడు మా బుజ్జిని హాస్టల్లో వేద్దామనుకుంటున్నాం. అందరూ వేస్తన్నారుగా. ఈ వాయించుడికి ఏదన్నా సర్టిఫికెట్టు ఉంటే చెప్పు, పదో తరగతి దాకా ఇంట్లోనే ఉంచుతా. లేకపోతే ఇక చాలు" అన్నాడు. బుజ్జి పియానో ముందు కూర్చునే ఉంది. తిరిగి చూడలేదు గానీ, వాయించడం ఆపేసింది.

సర్టిఫికెట్టు ఉంది. వచ్చిన చిక్కల్లా, అది ఒకటి కాదు. పియానోకి గ్రేడు పరీక్షలు పెట్టే విదేశీ బోర్డులు చాలానే ఉన్నాయి. మాకు అందుబాటులో ఉన్నవి రెండు. ఒకటి మా మాస్టారు చెప్పిన పాతది, ఇంకోటి కొత్తది. పాత బోర్డువాళ్ళు పరీక్షకి మనిషినే పంపిస్తారు. మన సరళీ స్వరాల్లాంటి స్కేళ్ళు వాయించమంటారు, ఎప్పుడూ చూడని స్వరాలు కాగితం మీద పెట్టి అప్పటికప్పుడు వాయించమంటారు, పెద్ద గ్రేడులకి వెళ్ళాలంటే ముందు థియరీ రాయమంటారు. కొత్త బోర్డుకి ఇవేం అక్కర్లేదు. ఇంట్లో కూర్చుని మూడు పాటలు వీడియో తీసి పంపితే చాలు. నేను రెండింటికీ ఈమెయిలు పెట్టాను. పాత బోర్డునుంచి చాలా రోజులకి రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఇంత పొడిపొడిగా రాశారంటే పొగరా, లేక అసలు ఆఫీసే లేదా అని అనుమానం. కొత్త బోర్డు ప్రతినిధి అయితే ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. "మేడమ్ గారూ, భోంచేశారా మేడమ్?" అంటాడు. నేను తింటే ఇతనికేంటి, తినకపోతే ఇతనికేంటి అని మరీ పెద్ద అనుమానం. మర్నాడు మళ్ళీ చేసి, నాకు ఉత్తమ ఉపాధ్యాయురాలి అవార్డు ఇస్తామన్నాడు. నా పాట విన్నది లేదు, నా మొహం చూసింది లేదు.

ఆ ప్రతినిధి విజయవాడలో ఒక హోటల్లో టీచర్లకి సదస్సు పెడితే వెళ్ళొచ్చాను. తర్వాతి ఆదివారం పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచి, కింది కొట్టులోంచి కుర్చీలు తెప్పించి వేసి, రెండు బోర్డుల సంగతీ వివరంగా చెప్పాను. చెప్పడం పూర్తవకుండానే శాంపిల్ బాబాయి విచారణ మొదలుపెట్టాడు.

"హోటల్లో భోజనం పెట్టారా?"

"పెట్టారండి. బిర్యానీ."

"టోపీలు ఇచ్చారా?"

"టోపీలు కాదండి, బ్యాగులిచ్చారు."

"అయిపోయింది" అని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇది విత్తనాల కంపెనీ ఫీల్డ్ డేనే. టెంటేసి, బిర్యానీ పెట్టి, టోపీలిచ్చి పంపిస్తాడు. మొలకొచ్చే టయానికి ఫోనెత్తడు." గదిలో ఉన్నవాళ్ళంతా ఏదో ఒక ఏడు అటువంటి బిర్యానీ తిన్నవాళ్ళే కాబట్టి అందరూ తలలూపారు. (నేనూ ఊపాను. ఆ బ్యాగులోనే నా పుస్తకాలు పెట్టుకుని వచ్చాను గాబట్టి దాన్ని కాలితో కుర్చీ కిందికి నెట్టాను.)

"అందుకే పాత బోర్డే మంచిదని నా ఉద్దేశమండి" అన్నాను.

శాంపిల్ బాబాయి కళ్ళు చికిలించాడు. "నీకెంత ముడుతుంది?"

"ఏమీ ముట్టదండి."

"ఏమీ ముట్టకుండా మంచిదని ఎందుకు చెప్తావమ్మా?"

మధ్యవర్తి అన్నాక కమీషన్ ఉంటుంది, కమీషన్ లేదంటే పెద్ద కమీషనే ఉందన్నమాట. యార్డులో పుట్టిపెరిగిన తర్కం అది. నాకు కోపం ముక్కు మీదికి వచ్చింది గానీ, ఆయన స్థానంలో నేనుంటే నేనూ అదే అడిగేదాన్ని. జిన్నింగు మిల్లు ఆవిడ (ఆవిడ కొడుకు మా క్లాసులో మీటలు నొక్కేవాళ్ళలో మొదటివాడు) అందుకుని, "నిజమే అన్నయ్యగారూ, ఎక్కడో దేశంకాని దేశంలో ఉన్నోళ్ళని ఎట్లా నమ్ముతాం? డబ్బు కడితే చాలు, అందరికీ పాసని ఇచ్చేస్తారేమో" అంది. అందరికీ ఇచ్చేదానికి విలువేముంటుంది, నిజమే. గది గుసగుసలతో నిండిపోయింది. నా క్లాసు నా కళ్ళముందే మూతపడుతున్నట్టు అనిపించింది.

అప్పుడు శాంపిల్ బాబాయి చెయ్యెత్తాడు. "కాయలు గ్రేడింగు చేసేదానికి కొత్తవాళ్ళని పెట్టుకుంటే మేం ఒక పని చేస్తాం. ఎర్రకాయల్లో కావాలని కొంచెం రంగుపోయిన తాలుకాయ కలిపి ముందు పోస్తాం. తాలుని ఏరి పక్కన పడేశారా, పని వచ్చినోళ్ళే. ఎర్రకాయల్లోనే ఉంచేశారా, సాయంత్రం లెక్క చూసి పంపించేస్తాం. ఈ పాత బోర్డుకీ అదే పెడదాం. ఒక తాలుకాయని పరీక్షకి పంపిద్దాం. ఫెయిల్ చేశారనుకో, బోర్డు నిఖార్సైంది. పాస్ చేశారనుకో, దొంగ బోర్డు. ఏమంటారు?"

అద్భుతమన్నారంతా. తాలుకాయ ఎవరన్నది మాత్రం ఎవరూ అనలేదు. ప్రతి తల్లీ పక్క తల్లి వైపు ఎంతో మర్యాదగా చూసింది. జిన్నింగు మిల్లు ఆవిడ వైపు చూసినవాళ్ళే ఎక్కువ. ఆవిడ కొంగు సర్దుకుని, "మావాడు ఈమధ్య బాగా ఇంప్రూవయ్యాడు" అంది, ఎవరూ అడక్కుండానే. చివరికి శాంపిల్ బాబాయే గొంతు సవరించుకుని, "ఎవరి పిల్లల్నో ఎందుకు, నేనే కూర్చుంటా" అన్నాడు.

"మీకు వాయించడం రాదు కదా బాబాయి గారూ!"

"రాకపోబట్టేగా!" అన్నాడు. మళ్ళీ తనే ఆలోచించి, "ఊహూ, అసలు రానోణ్ణి గుడ్డోడైనా ఫెయిల్ చేస్తాడు. తెల్లగా పాలిపోయిన తాలుని ఎవడైనా ఏరతాడు. సగం రంగొచ్చిన కాయని ఏరాలి, అదీ పనంటే. కాబట్టి నువ్వు నాకు సగం నేర్పు" అన్నాడు. ఇంతవరకూ ఏ శిష్యుడూ ఏ గురువునీ అటువంటి కోరిక కోరి ఉండడు.

అలా మొదటి గ్రేడుకి ఒక యాభై దాటిన విద్యార్థి చేరాడు. పొద్దున్నే గుంటూరు యార్డుకి బయల్దేరే ముందు వచ్చేవాడు. మొదటి వారం సాయంత్రాలు వచ్చాడు గానీ, అది పెద్ద గొడవైంది. యార్డునుంచి నేరుగా వచ్చి, కాయలు విరిచిన వేళ్ళతోనే వాయించి వెళ్ళాడు. ఆయన లేవగానే అవే మీటల ముందు కూర్చున్న జిన్నింగు మిల్లు పిల్లాడు పాట మధ్యలో కళ్ళు నులుముకుని, ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. వాళ్ళమ్మ పరుగున వచ్చి, పిల్లాడి కళ్ళు కడిగి, "కావాలనే చేశాడు. మావాడు ముందుకెళ్ళిపోతాడని ఆయన భయం" అని తేల్చింది. ఆనాటినుంచి ఆయన పొద్దుటి బ్యాచికి మారాడు. నేను మాత్రం ఆయన్ని చేతులకి నూనె రాయించి, సబ్బుతో కడిగించి, మీటలు తుడిచి గానీ కూర్చోనిచ్చేదాన్ని కాదు.

పాఠం చెప్పడం అంటే విచారణకు హాజరవడమే. కాగితం మీద ప్రతి చుక్కా ఎందుకుందో చెప్పాలి. "ఈ గుర్తు రాసినాయనే వేశాడా, మధ్యలో ప్రింటు చేసినోళ్ళు వేశారా?" అని అడిగేవాడు. తాళం కొట్టే మెట్రోనోమ్ మీద ఆయనకి మొదటి రోజే నమ్మకం పోయింది. "ఇది మధ్యలో స్పీడు పెంచుతంది, చూసుకో" అనేవాడు. అది పెంచేది కాదు. ఆయన ఎడమ చెయ్యి, కుడి చేతి కోసం ఆగకుండా ముందుకు దూసుకుపోయేది. బేరం తెగకముందే బస్తాలు లారీకెక్కించినట్టు ఉండేది. "ఎడమ చెయ్యి ఆగాలి బాబాయి గారూ" అంటే, "కుడిదే నిదానం. దాన్ని తోలు" అనేవాడు.

సగం నేర్పమన్నాడు కదా, సగం దగ్గర ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. ఇంట్లో బుజ్జి పియానో ముందునుంచి లేవగానే ఈయన కూర్చుంటున్నాడట. "మా నాన్న పప్పన్నం తింటూ కూడా ఎడమ చేత్తో టేబుల్ మీద వాయిస్తున్నాడు టీచర్" అని బుజ్జి కంప్లైంటు చేసింది, కంప్లైంటులో సగం గర్వం. ఆయన వాయించే చిన్న పాటకి నడుమ నాలుగు వరుసలు నెమ్మదిగా, కాస్త దిగులుగా ఉంటాయి. అక్కడికి వచ్చేసరికి ఎడమ చెయ్యి కూడా ఎందుకో బుద్ధిగా ఉండేది. ఒకరోజు ఆ నాలుగు వరుసలు విని నా గుండె జారిపోయింది. చాలా బాగా వాయించాడు. ఇలాగే సాగితే పాసవుతాడు! పాసయ్యాడంటే బోర్డు దొంగది, బుజ్జి హాస్టలుకి, నేను ఏ కంపెనీలోనో కస్టమర్ కేర్‌కి. శిష్యుడు బాగా వాయిస్తుంటే చెమటలు పట్టిన టీచరు ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. అదీగాక నాకింకో అనుమానం. ఈయనకి ముందే వాయించడం వచ్చేమో, బుజ్జిని హాస్టలుకి పంపడానికే ఇదంతా ఆడుతున్నాడేమో అని ఆయన వేళ్ళవైపు రోజూ పట్టి పట్టి చూసేదాన్ని.

పరీక్ష గుంటూరులో ఒక స్కూల్లో. శాంపిల్ బాబాయి ఇస్త్రీ తెల్ల చొక్కా వేసుకుని, కారు నడుపుతూ, స్టీరింగు మీద వేళ్ళు ఆడిస్తూ మమ్మల్ని తీసుకెళ్ళాడు. వరండాలో అంతా ఫ్రాకులూ నిక్కర్లూ. ఆయన వాటి మధ్య గంభీరంగా కూర్చుంటే, ఒక తల్లి వచ్చి, "సార్, మా పాపని ఎప్పుడు పిలుస్తారండి?" అని వినయంగా అడిగింది. "నా తర్వాతేనమ్మా" అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు. లోపలికి పిలిచారు. బుజ్జీ నేనూ తలుపుకి చెవులు ఆనించాం. మొదటి పాట బాగానే సాగింది. రెండోదాంట్లో ఎడమ చెయ్యి పరుగు లంకించుకుంది. బుజ్జి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఆగు నాన్నా, ఆగు" అని గొణిగింది. ఆ చెయ్యి ఆగకూడదనే నేను కోరుకోవాలి. కానీ నేనూ ఆగు, ఆగు అనే అనుకున్నాను. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

బయటికొచ్చాక ఆయన మొహంలో రంగు లేదు. తిరుగుదారిలో పేరేచర్ల దగ్గర టీకి ఆపినప్పుడు గ్లాసు చేతిలో అలాగే పట్టుకుని, "తెల్లావిడ, పెద్దావిడ. చివర్లో థ్యాంక్యూ అని నవ్వింది. ఎందుకు నవ్విందంటావ్?" అన్నాడు.

"మర్యాదకి నవ్వి ఉంటుందండి."

"మర్యాదకి అంత నవ్వరు. పాస్ చేస్తుందేమో" అన్నాడు. అది భయమో ఆశో ఆయన గొంతు పోల్చుకోనివ్వలేదు.

చాలా వారాల తర్వాత ఫలితం నా ఫోనుకి వచ్చింది. ఫెయిల్. అదీ కొద్దిలో. నేను ఆ మాట చెప్పగానే ఆయన ఒక్క క్షణం ఆగి, రెండు చేతులూ పైకెత్తి, "ఫెయిల్! నిఖార్సైన బోర్డు!" అని కేకేశాడు. సాయంత్రానికి ఊళ్ళో సగం మందికి తెలిసిపోయింది. ఫెయిలైనందుకు లడ్డూలు పంచిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. తల్లిదండ్రులంతా మేడెక్కి వచ్చి ఆయనకి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. "మీరు ఫెయిలవబట్టి మా పిల్లల భవిష్యత్తు నిలబడింది అన్నయ్యగారూ" అని జిన్నింగు మిల్లు ఆవిడ కళ్ళొత్తుకుంది. (తర్వాత నా దగ్గరికొచ్చి, "నిజంగా ఫెయిలయ్యాడా, లేక ఆయనే చేయించుకున్నాడా?" అని చెవిలో అడిగింది.) బుజ్జి హాస్టలు మాట అక్కడితో పోయింది. నా క్లాసు నిలబడింది. అందరికీ ఆనందమే. బుజ్జి ఒక్కతే లడ్డూ ముట్టుకోకుండా కిటికీ దగ్గర నిలబడి, "మా నాన్న అంత చెత్తగా ఏం వాయించలేదు. ఏంటీ పంచుకోవడం?" అంది. అప్పటిదాకా నేను నాలుగో లడ్డూ నములుతున్నాను. ఇక మింగుడు పడలేదు.

అంతా వెళ్ళాక ఆయన వెళ్ళలేదు. ఖాళీ లడ్డూ డబ్బాకి మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "మార్కులతోపాటు ఏదో రాస్తారన్నావుగా. ఏం రాసిందావిడ?" అన్నాడు. నేను ఫోన్ తీసి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాను. ఎడమ చెయ్యి కుడిచేతి కంటే ముందు వెళ్ళిపోతోంది, దానివల్ల రెండో పాట చెదిరిపోయింది, కానీ మొదటి పాట నడుమ భాగాన్ని మనసుపెట్టి, చాలా అందంగా వాయించారు అని.

ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. "ఇంకోసారి చదువు" అన్నాడు. చదివాను.

"ఆవిడెవరో, నేనెవరో. నా పేరు కూడా సరిగా పలకలేదమ్మాయ్. పొద్దున్నుంచి ఎంతమంది పిల్లల్ది వినుంటుంది! నేను వాయించిందెంత, ఇంత. ఎడమ చేతి దూకుడు పట్టుకుంది, సరే, అది నీకూ తెలుసు. ఆ నడుమది కూడా పట్టుకుందే!" అని మీటలవైపు చూశాడు. "అక్కడ వాయిస్తుంటే నాకూ బాగుంటది. ఎవరికీ చెప్పలా."

పొద్దున్నే ఆయన పక్కన కూర్చుని ఆ నడుమ భాగం ఎన్నోసార్లు విన్నది నేనే. బాగుందని ఒక్కసారైనా పైకి అన్నట్టు గుర్తులేదు.

"మళ్ళీ కూర్చోవచ్చా పరీక్షకి?" అన్నాడు, నావైపు చూడకుండా.

"ఎందుకండీ? బోర్డు మంచిదని తేలిపోయిందిగా!"

"బోర్డు కోసం కాదులే" అన్నాడు, ఫ్రాకుల మధ్య కూర్చున్నప్పుడు కూడా పడనంత సిగ్గు పడుతూ.

సరేనండి అన్నాను. అన్నానే గానీ, ఆయన మెట్లు దిగుతుంటే పైనుంచి తొంగిచూస్తూ, 'ఇప్పుడీయన ఎవర్ని పరీక్షిస్తున్నాడబ్బా? నన్నేనా?' అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. వారాల తరబడి ఆయన ఏదో ఎత్తు వేస్తున్నాడనే చూశాను. ఆయన మాత్రం పొద్దున్నే వచ్చి, చేతులకి నూనె రాసుకుని, కడుక్కుని, ఎడమ చేతిని తిట్టుకుంటూ వాయించుకునేవాడు. ఇప్పుడు మా క్లాసుకి పెద్దవాళ్ళెవరైనా వచ్చి గుమ్మం దగ్గర నసుగుతూ నిలబడితే ఎందుకని అడగను. స్టూలు కాస్త వెనక్కి జరిపి కూర్చోమంటాను. అప్పటి ఆ పిల్లకి, అదే, అప్పటి నాకు మాత్రం, ఒక మనిషికి ఉత్తినే వాయించుకోవాలని ఉంటుందని నమ్మడానికి ఆ ఎండాకాలమంతా పట్టింది. పాపం, తన ఎదురుగా కూర్చుని ఒకాయన సంతోషపడుతుంటే, అందులో తాలు ఎక్కడుందా అని వెతుక్కుంటూ కూర్చుంది.